రోజు కూలి, గుత్త కూలి
పనివేళలు, వేతన హక్కుల చరిత్రలో ఒక పాత ప్రశ్న

అరబీలోని ‘అజీర్’ అనే మాటను తెలుగు చేయడం పైకి సులభంగానే కనిపిస్తుంది. కూలివాడు అంటే సరిపోతుందనుకుంటాము. కాని ఫిఖహ్ గ్రంథాలలోని ‘కితాబుల్ ఇజారా’ను, అనగా అద్దె ఒప్పందాలను, కూలి ఒప్పందాలను చర్చించే ప్రకరణాన్ని, అనువదించడానికి కూర్చున్నవారికి ఆ ఒక్క మాట చాలదని త్వరలోనే తెలిసివస్తుంది. నెలకింత అని మాట్లాడుకుని ఒకరి మందను కాచే కాపరి అజీరే. పదిమంది ఇచ్చిన గుడ్డలు తెచ్చుకుని కుట్టిపెట్టే దర్జీ కూడా అజీరే. ధర్మశాస్త్రవేత్తలు మొదటివానికి ‘అజీర్ ఖాస్’ అని, రెండవవానికి ‘అజీర్ ముష్తరక్’ అని పేర్లు పెట్టారు. నిఘంటువు ప్రకారం ప్రత్యేక కూలి, ఉమ్మడి కూలి అని రాస్తే తెలుగు పాఠకునికి బోధపడేది ఏమీ ఉండదు. అయితే ఈ తేడా మన పల్లెలకు కొత్తది కాదు. నాట్లకో, కోతలకో మనుషులను పిలిచేటప్పుడు రోజు కూలికా, గుత్తకా అని ముందుగా తేల్చుకోవడం మన రైతులకు అలవాటే. రోజు కూలికి వచ్చినవాడు తన పొద్దును అమ్ముకున్నాడు. గుత్తకు ఒప్పుకున్నవాడు పూర్తయిన పనిని అమ్ముకున్నాడు. అజీర్ ఖాస్‌కూ, అజీర్ ముష్తరక్‌కూ మధ్య ఉన్న తేడా సారాంశంలో ఇదే.

ఇది పండితుల వర్గీకరణ మాత్రమే అయివుంటే దీనిని గురించి ఇంతగా చెప్పుకోవలసిన పని లేదు. కాని ప్రభుత్వాలు పని గంటలకు, కూలిరేట్లకు చట్టాలు చేయడం ప్రారంభించిన నాటి నుండి నేటి వరకు లక్షలాది శ్రామికుల హక్కు ఈ ఒక్క ప్రశ్న మీదనే తేలుతూ వచ్చింది: అతడు అమ్మింది తన కాలాన్నా, తన చేతి పనినా? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉంటే కూలి విషయంలో వారిదే పైచేయి అయింది. ఆ చరిత్రను సంగ్రహంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

ఫుఖహా దృష్టిలో కూలి

దివ్యఖుర్‌ఆన్‌లో కూలి ఒప్పందం ప్రస్తావన అల్ ఖసస్ సూరాలో వస్తుంది. మద్‌యన్‌లో ఆశ్రయం పొందిన హజ్రత్ మూసా (అలై) తో ఆ ఇంటి పెద్ద కుదుర్చుకున్న ఒప్పందంలో రెండు విషయాలు స్పష్టంగా ఉన్నాయి. ఒకటి ప్రతిఫలం ఏమిటన్నది. రెండవది గడువు ఎంతన్నది: ఎనిమిదేళ్ళు, ఇష్టపడితే పదేళ్ళు. పనివానిని కష్టపెట్టాలన్న ఉద్దేశం తనకు లేదన్న హామీ కూడా ఆ పెద్దమనిషి మాటలలోనే ఉంది. కూలివానికి చెమట ఆరకముందే కూలి ముట్టజెప్పాలన్న హదీసు ఇబ్నె మాజా సంకలనంలో ఉంది. అది మన మస్జిదులలో తరచుగా వినిపించేదే. పనంతా చేయించుకుని కూలి ఎగవేసినవానిపై ప్రళయదినాన అల్లాహ్ స్వయంగా ప్రతివాదిగా నిలుస్తాడన్న భావం గల హదీసు సహీహ్ బుఖారీలో ఉంది.

ఫుఖహా ఈ పునాది మీద నిర్మించిన శాస్త్రం చాలా సూక్ష్మమైనది. క్రీ.శ. 1197లో మరణించిన ఇమామ్ మర్గీనానీ రచన ‘హిదాయా’ మన మద్రసాలలో నేటికీ పాఠ్యగ్రంథం. అందులోని ఇజారా ప్రకరణాన్ని చూస్తే కూలి ఎప్పుడు బాకీ పడుతుందన్న ప్రశ్నకు వృత్తి వృత్తికీ విడివిడిగా సమాధానం కనిపిస్తుంది. రొట్టెలు కాల్చేవాడు రొట్టెను పొయ్యిలోనుండి బయటకు తీసిన తరువాతనే కూలికి అర్హుడవుతాడు. దర్జీ కుట్టు పూర్తి చేసిన తరువాతనే అర్హుడవుతాడు. ఒక నెలకు కుదిరిన కాపరి సంగతి వేరు. అతడు తనను తాను యజమానికి అప్పగించుకుని పనికి సిద్ధంగా ఉన్నాడంటే చాలు, యజమాని పని చూపించినా చూపించకపోయినా కూలి బాకీ పడినట్లే. పనికి సిద్ధంగా ఉండటమే పనితో సమానమన్న ఈ సూత్రాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. ఇది మళ్ళీ మనకు ఎదురవుతుంది.

గుత్త పనివానిని కూడా శాస్త్రం వదిలివేయలేదు. అతనికి ‘హబ్స్’ అనే హక్కును ఇచ్చింది. అనగా, కూలి చేతికి వచ్చేదాకా తాను కుట్టిన బట్టను, తాను అద్దకం వేసిన గుడ్డను తనవద్దనే ఉంచుకోవచ్చు. ఎవరి పని ఫలితం వస్తువులో కనిపిస్తుందో వారికే ఈ హక్కు. మూటలు మోసేవానికి, పడవ నడిపేవానికి లేదు. ఇక కూలి ఎంతో తేల్చకుండానే పని చేయించుకుంటే? ఒప్పందం చెడిపోయినా పని చేసినవాని కష్టం మాత్రం వృథా కాదు. అటువంటి పనికి అటువంటి చోట లోకంలో ఇచ్చే కూలిని, ‘ఉజ్రతె మిస్ల్’ను, అతనికి ఇప్పించాలి.

ప్రభుత్వం చేయి

ఇంతవరకు ఇది యజమానికీ పనివానికీ మధ్య వ్యవహారం. మూడవ పక్షంగా ప్రభుత్వం ఎక్కడ వచ్చింది? బాగ్దాదు ఖాజీ అల్ మావర్దీ (మరణం క్రీ.శ. 1058) పరిపాలనా సూత్రాలపై రాసిన ‘అల్ అహ్‌కాముస్ సుల్తానియ్యా’లో ‘ముహ్తసిబ్’ విధులను వివరించాడు. బజారులో తూనికలు, కొలతలు చూసే అధికారిగానే ముహ్తసిబ్ మనకు సాధారణంగా తెలుసు. కాని మావర్దీ ఆ అధికారికి మరొక పని కూడా అప్పగించాడు. యజమాని కూలి తగ్గించినా, మాట్లాడుకున్నదానికంటె ఎక్కువ పని చేయించినా ముహ్తసిబ్ జోక్యం చేసుకుని ఆపాలి. పనివాడు పని ఎగవేసినా, ఎక్కువ కూలి కోసం ఒత్తిడి చేసినా అతనినీ ఆపాలి. ఇద్దరూ ఒకరి మాట ఒకరు కాదంటే అప్పుడు ఖాజీ తేల్చాలి. తగాదా న్యాయస్థానానికి చేరకముందే పనిచోటికి వెళ్ళి తనిఖీ చేసే అధికారి ఉండాలన్న ఆలోచన ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది.

డమాస్కస్‌కు చెందిన ఇమామ్ ఇబ్నె తైమియా (మరణం క్రీ.శ. 1328) ఇంకొక అడుగు ముందుకు వేశారు. ప్రజలకు రైతుల, నేతపనివారి, గృహనిర్మాణ పనివారి సేవ తప్పనిసరి అయినప్పుడు పాలకుడు వారిని పనికి ఆదేశించవచ్చుననీ, అలా ఆదేశించినప్పుడు ఉజ్రతె మిస్ల్‌ను నిర్ణయించి ఇప్పించాలనీ ఆయన అభిప్రాయం. పనివారు ప్రజలను పీడించకూడదు. ప్రజలు పనివారికి తక్కువ ఇచ్చి అన్యాయం చేయకూడదు. కూలిరేటును రాజ్యం నిర్ణయించవచ్చునన్న సూత్రానికి ఇది చాలా పాత ఆధారం.

అయితే ఈ మొత్తం నిర్మాణానికి ఒక హద్దు ఉన్నది. కూలి ఎంత, పొద్దు ఎంత అన్న రెండు కొలతలూ లోకాచారానికే వదలబడ్డాయి. ఉస్మానియా ప్రభుత్వం అహ్మద్ జౌదత్ పాషా అధ్యక్షతన 1869 నుండి 1876 వరకు హనఫీ ఫిఖహ్‌ను 1851 అధికరణాల చట్టంగా కూర్చింది. ‘మజల్లా’ అనే ఈ స్మృతిలో ఇజారాకు ఒక పూర్తి గ్రంథం కేటాయించబడింది. రోజు కూలివాడు సూర్యోదయం నుండి అసర్ వరకు పనిచేయాలా, సూర్యాస్తమయం వరకా అన్నదానికి ఆ ఊరి ఆచారమే ప్రమాణమని అది చెప్పింది. ఊరి ఆచారాన్ని ఊరంతా కలిసి పెంచుకున్నంతకాలం ఆ ఏర్పాటు న్యాయమైనదే. మేస్త్రీకీ, ఇల్లు కట్టించుకునేవానికీ ఒకే సూర్యుడు కనిపిస్తాడు. కాని పొద్దు కుంకినా దీపాలు వెలిగించి యంత్రాలు నడిపించే మిల్లులో ఆచారం ఎవరిది? గేటు దగ్గర గంట కొట్టించేవానిదే ఆచారం. గడియారం యజమాని జేబులోకి చేరినప్పుడు లోకాచారం పనివానికి రక్షణ ఇవ్వలేకపోయింది.

మన దేశంలో

ఆంగ్లేయుల కాలంలో హిదాయా ఒక విచిత్రమైన స్థితికి లోనైంది. గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ ప్రోత్సాహంతో మొదలైన అనువాదాన్ని, పారసీ ప్రతి ఆధారంగా, ఛార్లెస్ హామిల్టన్ 1791లో ఆంగ్లంలో ప్రకటించాడు. ఇజారా ప్రకరణం కూడా అందులో ఉన్నది. కాని కాలక్రమాన కంపెనీ న్యాయస్థానాలు ముస్లిములకు వివాహం, వారసత్వం, వక్ఫు వంటి విషయాలలో మాత్రమే షరీఅత్‌ను మిగిల్చి, కూలి ఒప్పందాలను తమ చట్టాల కిందికి తీసుకున్నాయి. ఆ చట్టాలలో పనివానికి మొదటగా ఎదురైనది 1859 నాటి 13వ చట్టం. బయానా తీసుకున్న పనివాడు పని మానితే, మెజిస్ట్రేటు అతనిని పని పూర్తి చేయమనో, సొమ్ము తిరిగి ఇమ్మనో ఆదేశించవచ్చు. వినకపోతే 3 నెలల వరకు జైలు. కూలి ఎగవేసిన యజమానికి మాత్రం ఆ చట్టంలో జైలు లేదు. ఫుఖహా యజమానినీ పనివానినీ ఒకే త్రాసులో తూచారు. ఈ చట్టం త్రాసును పూర్తిగా ఒక వైపుకు వంచింది. ఇది రద్దు కావడానికి 1925 వరకు పట్టింది.

పని గంటలపై తొలి చట్టం 1881 ఫ్యాక్టరీల చట్టం. భారతీయ మిల్లుల పోటీ చూసి కలవరపడిన లాంకషైర్ మిల్లు యజమానుల ఒత్తిడి కూడా దాని వెనుక ఉన్నది. యంత్రశక్తితో నడిచి 100 మందికి తక్కువ కాకుండా పనిచేసే చోట్లకే అది వర్తించింది. 7 నుండి 12 ఏళ్ళ పిల్లల పనిని రోజుకు 9 గంటలకు పరిమితం చేసింది. పెద్దవారి ఊసే ఎత్తలేదు.

మూడేళ్ళ తరువాత, 1884లో, బొంబాయి మిల్లు కార్మికులు నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వంలో సభ జరిపి ఒక విజ్ఞప్తిని సిద్ధం చేశారు. సుమారు 5,500 మంది సంతకాలు చేశారు. వారు కోరినవి ఇవి: ఆదివారం సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం, ఉదయం ఆరున్నర నుండి సూర్యాస్తమయం వరకే పని, పనిలో గాయపడినవారికి పరిహారం, ఒక నెల జీతం మరుసటి నెల 15వ తేదీలోగా ముట్టడం. ఈ చివరి కోరికను నిదానంగా చదవాలి. పని ముగిసిన పదిహేను రోజులకైనా జీతం ఇవ్వమని వారు విజ్ఞప్తి చేసుకోవలసివచ్చింది. చెమట ఎప్పుడో ఆరిపోయింది. కిరాణా కొట్టు అప్పుకు వడ్డీ మాత్రం పెరుగుతూ ఉన్నది.

ఆ కోరికలు ఒక్కొక్కటిగా, చాలా మెల్లగా చట్టాలయ్యాయి. 1891 చట్టం వారానికొక సెలవును, స్త్రీలకు 11 గంటల పరిమితిని తెచ్చింది. 1911లో బట్టల మిల్లులలోని పురుషులకు 12 గంటలు. 1922లో ఫ్యాక్టరీలన్నిటికీ రోజుకు 11, వారానికి 60 గంటలు. 1934లో ఏడాది పొడుగునా నడిచే ఫ్యాక్టరీలకు రోజుకు 10, వారానికి 54 గంటలు. 1946 సవరణ వారానికి 48 గంటలకు దించింది. 1948 ఫ్యాక్టరీల చట్టం దానిని స్థిరపరచి, అదనపు గంటలకు రెట్టింపు కూలి అని నిర్ణయించింది. పన్నెండు గంటల నుండి తొమ్మిదికి రావడానికి 37 ఏళ్ళు పట్టిందన్నమాట.

జీతం తేదీకి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. 1929లో నియమించబడి 1931లో నివేదిక ఇచ్చిన విట్లీ కమిషన్ జీతాల ఆలస్యాన్ని, అడ్డూ ఆపూ లేని జరిమానాలను వెల్లడించింది. తత్ఫలితంగా 1936లో వేతన చెల్లింపు చట్టం వచ్చింది. వెయ్యి మందికి తక్కువ ఉన్న చోట 7వ తేదీలోగా, అంతకు మించిన చోట 10వ తేదీలోగా జీతం ముట్టాలి. జరిమానా రూపాయికి అర్ధణా మించరాదు. వసూలైన జరిమానాలు కార్మికుల మేలుకే ఖర్చు కావాలి. లోఖండే సభకూ ఈ చట్టానికీ మధ్య 52 ఏళ్ళు గడిచాయి. సభలో చేయి ఎత్తిన చాలామంది దీనిని చూడకుండానే కన్నుమూసి ఉంటారు.

కూలిరేటు చివరికి మిగిలింది. వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడుగా ఉన్న డాక్టర్ అంబేద్కర్ 1946లో కనీస వేతనాల బిల్లును కేంద్ర శాసనసభలో ప్రవేశపెట్టారు. స్వాతంత్ర్యానంతరం 1948లో అది చట్టమైంది. బియ్యపు మిల్లులు, నూనె మిల్లులు, తోళ్ళ పరిశ్రమ, రాళ్ళు కొట్టే పని, బీడీల తయారీ, వ్యవసాయం వంటివి దాని పట్టికలో చేరాయి. సంఘాలు పెట్టుకుని బేరమాడలేని శ్రామికులు ఎక్కువగా ఉన్న పనులు ఇవి.

ఈ చట్టంలోని రెండు నిబంధనలు ఇజారా ప్రకరణం చదివినవారికి పరిచయమైనవిగా తోస్తాయి. పదిహేనవ సెక్షన్ ప్రకారం, రోజు కూలి మీద ఉన్నవానికి యజమాని పూర్తి రోజు పని చూపించలేకపోతే, పనివాని అనిష్టం అందుకు కారణం కానంతవరకు, పూర్తి రోజు కూలి ఇవ్వాలి. పనికి సిద్ధంగా ఉన్న అజీర్ ఖాస్ కూలికి అర్హుడన్న సూత్రానికి ఇది చాలా దగ్గరగా ఉంది. పదిహేడవ సెక్షన్ గుత్త పనివానికి సంబంధించినది. లెక్క ప్రకారం పనిచేసేవారికి కూడా కాలాన్ని బట్టి కనీస రేటు నిర్ణయించబడి ఉంటే, వారికి ముట్టేది దానికి తగ్గరాదు. ఫిఖహ్‌లో వేరువేరుగా ఉన్న రెండు తరగతుల మధ్య ఇక్కడ ఒక వంతెన పడింది: వస్తువు లెక్కన కూలి తీసుకున్నా, ఆ వస్తువు వెనుక గడిచిన పొద్దును కూడా చూడాలి. ఒక చట్టం మరొక శాస్త్రం నుండి వచ్చిందని చెప్పడానికి ఆధారం లేదు. అలా చెప్పవలసిన అవసరమూ లేదు. న్యాయంగా ఆలోచించిన ఇద్దరు ఒకే చోటికి చేరుకోవడం సహజమే.

హైదరాబాదు దర్జీలు, బీడీ కార్మికులు

చట్టం వచ్చిన తరువాత యజమానులకు ఒక దారి మిగిలింది: పనివాడు తమ పనివాడే కాడని చెప్పడం. 1960ల తొలినాళ్ళలో బీడీ కార్మికుని వ్యాజ్యమొకటి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. అతడు కార్ఖానాకు తన ఇష్టమైన వేళకు వచ్చి ఇష్టమైన వేళకు వెళ్ళేవాడు, చుట్టిన బీడీల లెక్కన కూలి తీసుకునేవాడు కనుక, ఫ్యాక్టరీల చట్టం దృష్టిలో కార్మికుడు కాడని న్యాయస్థానం ఆధిక్య నిర్ణయం చేసింది. కాలానికి కట్టుబడనివాడు గుత్త పనివాడు, గుత్త పనివానికి కాలంతో వచ్చే హక్కులు లేవన్న వాదన గెలిచింది.

దానిని మలుపు తిప్పిన తీర్పులలో ఒకటి మన ప్రాంతం నుండి వెళ్ళిన వ్యాజ్యంలోనే వచ్చింది. తెలంగాణ ప్రాంతానికి వర్తించే 1951 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కింద దర్జీ దుకాణాలలో కుట్టేవారు ఉద్యోగులా కారా అన్నది అందులో ప్రశ్న. వారికి బట్ట లెక్కన కూలి. అందరికీ ఒకే రేటు లేదు. పని లేనప్పుడు వెళ్ళిపోవచ్చు. కొందరు అనుమతి తీసుకుని గుడ్డను ఇంటికి తీసుకువెళ్ళి కుట్టేవారు. ఫుఖహా ఇచ్చిన అజీర్ ముష్తరక్ ఉదాహరణ కూడా దర్జీయే అన్నది గమనార్హం. యజమానులు కూడా దాదాపు అదే వాదించారు: వారు స్వతంత్రులు, మా పనివారు కారు.

1973 సెప్టెంబరులో జస్టిస్ కె.కె. మాథ్యూ రాసిన తీర్పు పేరును పక్కన పెట్టి పనిని చూసింది. కుట్టు మిషన్లు ఎవరివి? దుకాణదారువి. ఎలా కుట్టాలో చెప్పేది ఎవరు? దుకాణదారు. కుట్టు బాగుండకపోతే తిప్పికొట్టి మళ్ళీ కుట్టమనే అధికారం ఎవరిది? దుకాణదారుదే. అలా అయితే కూలి బట్ట లెక్కన ఇచ్చినా, పనివాడు వేరొక చోట కూడా కుట్టినా, అతడు ఆ దుకాణంలో ఉద్యోగియే. పాత గ్రంథాలలోని దర్జీకి సూది తనది, దుకాణం తనది, వచ్చేవారు పదిమంది. కూలి రాకపోతే బట్టను ఆపుకునే హక్కు తనది. హైదరాబాదు దర్జీ దగ్గర వీటిలో ఒక్కటీ లేదు. పేరు ముష్తరక్, బ్రతుకు ఖాస్.

బీడీ కార్మికుల విషయంలో పార్లమెంటే ముందుకు వచ్చింది. 1966 బీడీ, సిగార్ కార్మికుల చట్టం, ఆకు, తంబాకు తీసుకుని ఇంట్లో చుట్టే స్త్రీని కూడా ఉద్యోగిగా గుర్తించింది. దానిని బీడీ కంపెనీల యజమానులు సవాలు చేయగా 1974లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. నిజామాబాదు, కరీంనగర్ ప్రాంతాలలో ఈ పని ఎంత విస్తారమైనదో, అందులో ముస్లిం స్త్రీల భాగం ఎంతటిదో మనకు తెలిసిందే. కూలి వెయ్యి బీడీలకింత అని ఉంటుంది. కాని తునికాకు తడపడం, కత్తిరించడం, చుట్టడం, కట్టలు కట్టడం అన్నీ కలిపి ఆ వెయ్యికి ఎన్ని గంటలు పడతాయో లెక్కించే గడియారం ఆ ఇంట్లో లేదు. పిల్లవాడు కత్తిరించి ఇచ్చిన ఆకు కూడా తల్లి లెక్కలోనే కలిసిపోతుంది. బాగాలేవని పక్కకు తీసివేసిన బీడీలకు కూలి ఉండదు. హబ్స్ హక్కు ఆమెకు ఏ విధంగా ఉపయోగపడుతుంది? ఈ రోజు బీడీలు ఆపుకుంటే రేపటి ఆకు రాదు.

నేటి పరిస్థితి

1982లో ఢిల్లీలో ఆసియా క్రీడల నిర్మాణాలు జరుగుతున్నప్పుడు, కార్మికులకు రోజుకు రూ. 9.25 కనీస వేతనం కాగా, జమాదారులు అందులో రూపాయి కమీషనుగా పట్టుకునేవారు. ఆ సంవత్సరమే జస్టిస్ పి.ఎన్. భగవతి ఇచ్చిన తీర్పు, కనీస వేతనానికి తగ్గించి పని చేయించడమంటే రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయేనని ప్రకటించింది. ఆ అధికరణంలో ఆంగ్ల పాఠంలోనే ‘బేగార్’ అనే పారసీ మాట ఉన్నది. తెలంగాణలో దానికి వెట్టి అని పేరు. ఒక్క రూపాయి కోతను వెట్టితో సమానం చేసిన ఈ తీర్పు కూలి చరిత్రలో చాలా పెద్ద అడుగు.

1936, 1948 చట్టాలు ఇప్పుడు విడిగా అమలులో లేవు. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చి, బోనసు, సమాన వేతన చట్టాలతో పాటు వాటి స్థానాన్ని ఆక్రమించింది. కనీస వేతనం ఇప్పుడు పట్టికలోని పనులకే పరిమితం కాదు, ఉద్యోగులందరికీ వర్తిస్తుంది. రోజు కూలిని ఆ పనివేళ ముగిసేసరికే చెల్లించాలని, నెల జీతం 7వ తేదీలోగా ముట్టాలని అందులో ఉన్నది. చెమట ఆరకముందే అన్న మాటకు చట్టం ఇంత దగ్గరగా రావడం సంతోషించదగిన విషయమే.

కాని పాత ప్రశ్న పోలేదు. మోటారుసైకిళ్ళ మీద ఇంటింటికీ భోజనం పొట్లాలు, సరుకులు చేరవేసే యువకులను మన నగరాలలో చూస్తున్నాము. వారికి కూలి చేరవేసిన పొట్లాల లెక్కన. 2020 సామాజిక భద్రతా స్మృతి ఇటువంటివారిని సంప్రదాయ యజమాని–ఉద్యోగి సంబంధానికి వెలుపలివారుగా నిర్వచించింది. పిలుపు కోసం రోడ్డు పక్కన ఎదురుచూసిన గంటలకు వారికి కూలి లేదు. పనికి సిద్ధంగా ఉండటమే పని అన్న సూత్రం వారిదాకా చేరలేదు. బండి వారిదే కావచ్చు. కాని పని ఎవరికి అందాలో, రేటు ఎంతో, ఎవరిని తీసివేయాలో నిర్ణయించేది వారు కారు. దర్జీల తీర్పు అడిగిన ప్రశ్నలను వారి విషయంలోనూ అడగవలసి ఉంది.

చివరగా మన ఇంటి విషయం. ఇమామత్, అజాన్, ఖుర్‌ఆన్ బోధనలకు కూలి తీసుకోరాదని తొలికాలపు హనఫీ పండితుల అభిప్రాయం. తరువాతి కాలపు పండితులు, ఈ విధులు నిర్వహించేవారు జీవనోపాధి కోసం వేరే పనులకు వెళ్ళిపోతే దీన్‌కే నష్టమని గ్రహించి, అనుమతించారు. 1993 మేలో ఇమాముల సంస్థ వ్యాజ్యం సుప్రీంకోర్టులో తీర్పుకు వచ్చింది. ఇమాము సేవ స్వచ్ఛందమైనది, ఆయన ఉద్యోగి కాడన్నది ఎదుటి పక్షం వాదన. న్యాయస్థానం అంగీకరించలేదు. వక్ఫు బోర్డుల నిర్వహణలోని మస్జిదుల ఇమాములకు వేతనం ఇవ్వాలని, అందుకు ఒక పథకం తయారు చేయాలని ఆదేశించింది. దర్జీని కాడన్న దుకాణదారు మాటకూ, ఇమామును కాడన్న వాదనకూ తేడా ఎంత? ఒకటి స్వేచ్ఛ పేరుతో వచ్చింది, మరొకటి సవాబ్ పేరుతో వచ్చింది.

ఐదు పూటలా వేళకు నిలబడేవాడు తన కాలాన్ని మనకు అప్పగించాడు. అతడు అజీర్ ఖాస్. మక్తబ్‌లో పిల్లలకు ఖాయిదా చెప్పే ముఅల్లిమ్, మస్జిదు ఊడ్చే ఫర్రాష్, అజాన్ ఇచ్చే ముఅజ్జిన్ అందరూ ఈ కోవలోనివారే. కమిటీలు వారికి జీతం ఎంతో రాసి ఇవ్వాలి. తేదీ నిర్ణయించాలి. చందా వసూలు కాలేదన్న కారణంతో ఆ తేదీ దాటనీయకూడదు. వస్త్రాల దుకాణమో, కార్ఖానాయో, బీడీ ఠేకాయో నడిపేవారు తమ పనివారిని ముక్క లెక్కన పెట్టుకున్నా, ఆ ముక్కల వెనుక ఎన్ని గంటలు గడుస్తున్నాయో ఒకసారి గడియారం పెట్టి చూడాలి. ముహ్తసిబ్ రాడు కదా, ఇన్‌స్పెక్టరు రాడు కదా అని ఊరుకోవడం తగదు. కూలి ఎగవేతకు ఎవరు ప్రతివాదిగా నిలుస్తారో మనం ఎన్నోసార్లు విన్నాము.